పార్కింగ్ లాట్‌లో పాతబట్టల పెట్టె

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం నడిమధ్యన సెయింట్ జాన్స్ అని ఒక చిన్న ఊరుంది. జనాభా ఎనిమిది వేలకు లోపే. పుదీనా సాగుకు పేరు, ఏటా పుదీనా పండగ కూడా చేస్తారు. 2012 చివర్లో ప్లానెట్ ఎయిడ్ అనే సంస్థ ఆ ఊళ్ళో రెండు వ్యాపార స్థలాల్లో, వాటి యజమానులను అడిగే, రెండు ఇనప పెట్టెలు తెచ్చి నిలబెట్టింది. పాతబట్టలు, చెప్పులు వెయ్యడానికి. కొత్త ఏడాది మొదలైందో లేదో మున్సిపాలిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇలాంటి పెట్టెల చుట్టూ జనం అట్టపెట్టెలూ చెత్తా వదిలేసి పోతున్నారు, ఇది న్యూసెన్సు, తీసెయ్యండి అని. పెట్టెలు పోయాయి. 2014లో కౌన్సిల్ ఇంకో అడుగు ముందుకు వేసి, ఊళ్ళో ఎక్కడా ఎవరూ దానాల పెట్టె పెట్టకూడదని ఆర్డినెన్స్ చేసింది. అప్పటికే ఉన్న లయన్స్ క్లబ్ వారి పెట్టె ఒక్కదానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది.

సంస్థ కోర్టుకెళ్ళింది. 2015 ఏప్రిల్‌లో ఆరో సర్క్యూట్ ఫెడరల్ అప్పీలు కోర్టు ఊరికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. కారణం వింటే మనకు కాస్త వింతగానే ఉంటుంది. ఆ ఇనప పెట్టె మాట్లాడుతోందట. తనలో బట్టలు వెయ్యమని దారినపోయేవాణ్ణి అడుగుతోందట. అడగడం వాక్కు కిందికి వస్తుంది, వాక్కుకు రాజ్యాంగం మొదటి సవరణ రక్షణ ఉంది. హోటలు వెనక ఉండే చెత్తడబ్బా చుట్టూ కూడా చెత్త పేరుకుంటుంది కదా, దాన్ని వదిలి, దానం అడిగే డబ్బానే ఎందుకు నిషేధించారని కోర్టు నిలదీసింది. ఊరి దగ్గర గట్టి జవాబు లేదు.

కాళ్ళూ నోరూ లేని ఒక డబ్బాకు వాక్ స్వాతంత్ర్యం ఎలా వచ్చింది? దానికంటే ముందు, అది వ్యాపార స్థలాల్లోకి ఎలా వచ్చి చేరింది? ఈ కథకు నూట పాతికేళ్ళ చరిత్ర ఉంది.

పెట్టె కన్నా ముందు గోనెసంచి ఉండేది. 1902లో బోస్టన్ నగరం సౌత్ ఎండ్ ప్రాంతంలో ఎడ్గార్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాదిరి, చేతిలో పనిలేని వలసజనం మధ్య సేవ చేస్తుండేవాడు. గోనెసంచి భుజాన వేసుకుని డబ్బున్న పేటలకు వెళ్ళి, ఇల్లిల్లూ తట్టి పాతబట్టలు అడిగి తెచ్చేవాడు. తెచ్చినవి ఊరికే పంచితే తీసుకునేవాళ్ళకు మొహమాటం. ఎంతో కొంత ఇచ్చి కొనుక్కోవడమే వాళ్ళకు గౌరవంగా తోచింది. దాంతో చిరిగినవి కుట్టే పని కొందరికి, బాగైనవి అమ్మే దుకాణం ఇంకొందరికి, ఆ డబ్బులోంచే జీతాలు. అదే తరువాత గుడ్‌విల్ ఇండస్ట్రీస్ అయింది. ఆ పేరు మాత్రం బోస్టన్‌ది కాదు, బ్రూక్లిన్ శాఖ నుంచి వచ్చింది. ఇంచుమించు అదే కాలంలో, అంతకు కొన్నేళ్ళు ముందే, సాల్వేషన్ ఆర్మీ వాళ్ళు కూడా తోపుడు బళ్ళ మీద పాత సామాను పోగుచెయ్యడం మొదలుపెట్టారు.

గోనెసంచి వెనక ఒక మనిషి ఉన్నాడన్న సంగతి ఇక్కడ ముఖ్యం. ఇచ్చేవాడికి ఆ మనిషి మొహం తెలుసు, పేరు తెలుసు, ఏ చర్చివాడో తెలుసు. అనుమానం వస్తే రెండు ప్రశ్నలు వేసి పంపేయొచ్చు. ఊరికి కూడా ఆ మనిషి మీదే అదుపు. వీధుల్లో, గడపల్లో చందాలు అడిగేవాళ్ళకు లైసెన్సు పెట్టడం అప్పట్లో అమెరికా పట్టణాలకు మామూలు. ఆ లైసెన్సుల మీదే మొదటి పెద్ద రగడ జరిగింది. కనెటికట్ రాష్ట్రం న్యూహేవెన్‌లో యెహోవా సాక్షులు అనే మతశాఖకు చెందిన కాంట్‌వెల్ అనే ఆయన, కొడుకులు, వీధిలో గ్రామఫోను పెట్టి రికార్డులు వినిపిస్తూ పుస్తకాలిచ్చి చందాలు అడిగారు. ఏది నిజమైన మతకార్యమో, ఏది నిజమైన దానధర్మమో ఒక అధికారి తేల్చి ధ్రువపత్రం ఇస్తేనే అడగాలని అక్కడి చట్టం. 1940లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఏది మతకార్యమో, ఏది కాదో తేల్చే తక్కెడ సర్కారు గుమాస్తా చేతిలో ఉండకూడదన్నది ఆ తీర్పు సారం. దానాల పెట్టెల మీద ఈనాటి వరకూ జరుగుతున్న వ్యాజ్యాలన్నీ అక్కడి నుంచే పాయలుగా చీలాయనిపిస్తుంది నాకు.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా జనం నగరాలు వదిలి శివార్లకు తరలిపోయారు. ఇళ్ళు దూరదూరంగా, ప్రతి ఇంటికీ కారు, కొనుగోళ్ళన్నీ విశాలమైన పార్కింగ్ లాట్ ఉన్న షాపింగ్ సెంటర్లలో. ఇల్లిల్లూ తిరిగి బట్టలు పోగెయ్యడం గిట్టుబాటు కాని పని అయింది. బట్టలు పట్టుకుని ఇచ్చేవాళ్ళే రావాలి, వాళ్ళు ఎలాగూ వచ్చేది సరుకులకు. కనుక పెట్టె అక్కడికే వెళ్ళింది. కిరాణా దుకాణం పక్కన, పెట్రోలు బంకు మూలన, బ్యాంకు వెనక. లోపలికి వేసింది మళ్ళీ బయటికి తియ్యడానికి వీల్లేని చక్రంలాంటి తలుపు, తాళం, పక్కన సంస్థ గుర్తు, అంతే. మనిషి మాయమయ్యాడు.

హుండీ కూడా మనిషి లేని పెట్టే కదా అనొచ్చు. కానీ హుండీకి ఒక గుడి ఉంది, పాలకమండలి ఉంది, తిరుమలలో అయితే పరకామణి అని లెక్కింపుకే ఒక వ్యవస్థ ఉంది. పార్కింగ్ లాట్‌లో పెట్టె గుడి లేని హుండీ. వేసేవాడికి అది ఏ దేవుడి హుండీయో దాని మీది బొమ్మ చెప్పాల్సిందే.

పెట్టె వెనక మనిషి లేడన్న సంగతిని ఆదాయపన్ను శాఖ కూడా గుర్తించింది. అమెరికాలో దానంగా ఇచ్చిన వస్తువుల విలువను పన్ను లెక్కలో తగ్గించుకునే వీలుంది, దానికి రసీదు చూపాలి. పెట్టె రసీదు ఇవ్వలేదు కాబట్టి, 250 డాలర్ల లోపు వస్తువులను కాపలా లేని చోట వదిలితే రసీదు లేకపోయినా ఫర్వాలేదని మినహాయింపు పెట్టారు. ఇచ్చింది ఏమిటో ఇచ్చినవాడు రాసుకుంటే చాలు. నమ్మకం మీద నడిచే ఏర్పాటు అది.

నమ్మకం దగ్గరే బిగువు సడలింది. పెట్టె నిండిపోయినా జనం ఆగరు. సంచీ నేలమీద పెట్టి పోతారు. రేపు మరొకరు పాత పరుపు ఆనించి పోతారు, ఎల్లుండి విరిగిన సోఫా. వానొస్తే అన్నీ తడిసి, కంపు, ఎలుకలు. పెట్టె ఖాళీ చేసే లారీ వారానికోసారి వస్తే ఒక తీరు, నెలకోసారి వస్తే ఇంకో తీరు. దీనికి విసిగిపోయి పెద్ద సంస్థలు క్రమంగా మనుషులుండే సేకరణ కేంద్రాల వైపు మొగ్గాయి. ఖాళీ అయిన చోట కొత్తవాళ్ళు దిగారు.

ఆ కొత్తవాళ్ళతోనే కథ మలుపు తిరుగుతుంది. పాతబట్టలు అప్పటికే ప్రపంచ సరుకు. అమెరికాలో ఇచ్చిన చొక్కాల్లో కొద్ది భాగమే అమెరికా దుకాణాల్లో అమ్ముడుపోతుంది. మిగతావాటిలో చాలా భాగం బేళ్ళు కట్టి ఓడలెక్కుతాయి. ఘనాలోని కాంటమాంటో, కెన్యాలోని గికోంబా లాంటి బజార్లు ఆ బేళ్ళ మీదే బతుకుతాయి. మన దేశంలోనూ దీనికి రెండు గుమ్మాలున్నాయి. గుజరాత్‌లో కాండ్లా ప్రత్యేక ఆర్థిక మండలిలో విదేశీ పాతబట్టలను రకాలుగా ఏరి మళ్ళీ ఎగుమతి చేస్తారు. హర్యానాలో పానిపట్‌కు చేరేవి కత్తిరించిన ఉన్ని బట్టలు, తొడుక్కోవడానికి పనికిరాకుండా చీల్చి తేవాలని నిబంధన. వాటిని పీచుచేసి మళ్ళీ నూలు వడికి దుప్పట్లు నేస్తారు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో మన తెలుగు కుటుంబం పెట్టెలో పడేసిన చలికోటు సముద్రాలు దాటి మనదేశమే చేరవచ్చు.

బరువు లెక్కన అమ్ముడుపోయే సరుకైనప్పుడు దాన్ని పోగుచేసే పెట్టె వ్యాపార సాధనం అవుతుంది. 1990ల చివరి నుంచి పెట్టెల సంఖ్య పెరిగింది. 1997లో మసాచుసెట్స్‌లో మొదలైన ప్లానెట్ ఎయిడ్ లాభాపేక్ష లేని సంస్థగా నమోదైంది. డెన్మార్క్‌లో 1970లో పుట్టిన ట్వింద్ అనే ఉద్యమంతో దానికి సంబంధాలున్నాయని, వచ్చిన డబ్బు ఎక్కడికి పోతోందని పత్రికలు ఏళ్ళ తరబడి రాశాయి. సంస్థ ఆ ఆరోపణలను ఖండిస్తూనే వచ్చింది. 1999లో మొదలైన యూఎస్‌అగైన్ అయితే దాపరికం లేకుండా లాభాల కంపెనీయే. మధ్యలో ఇంకో రకం ఉంది: పెట్టె కంపెనీది, దాని మీది పేరు ధర్మసంస్థది. పేరు వాడుకున్నందుకు నెలకింతని ఆ సంస్థకు ముట్టచెబుతారు, బట్టలు మాత్రం కంపెనీవే. వేసేవాడు పక్షవాతం పిల్లలకో, మాజీ సైనికులకో ఇచ్చాననుకుని సంతృప్తిగా ఇంటికిపోతాడు.

ఇందులో స్థలం యజమాని పాత్ర ఏమిటి? చిన్న ప్లాజా ఓనరుకు నెలనెలా కొంత అద్దె ముట్టొచ్చు, లేకపోతే మంచిపనికి చోటిచ్చానన్న పేరు. చాలాసార్లు అతనికి అసలు సంగతే తెలియదు. బంకులో రాత్రి డ్యూటీ కుర్రాణ్ణి అడిగి సరేననిపించుకుని దింపేసినవి కొన్ని, ఎవర్నీ అడగకుండా తెల్లారేసరికి మొలిచినవి కొన్ని. మూతపడ్డ సూపర్‌మార్కెట్ల ముందు నాలుగైదు రంగుల పెట్టెలు ఒకదాని పక్కన ఒకటి వరసకట్టడం అమెరికాలో చాలామంది చూసిన దృశ్యమే. పెట్టె మీదున్న నంబరుకు ఫోను చేస్తే మోగుతుంది, ఎవరూ ఎత్తరు. చెత్త పేరుకుంటే జరిమానా నోటీసు వచ్చేది మాత్రం స్థలం యజమానికి. తీయించేద్దామంటే అది ఇంకొకరి ఆస్తి, క్రేను పెట్టి లేపాలి, రేపు కంపెనీవాడు వచ్చి నా పెట్టె ఏదంటే? మనవాళ్ళలోనూ బంకులు, చిన్న ప్లాజాలు నడిపేవాళ్ళున్నారు. ఈ తలనొప్పి వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు.

న్యూయార్క్ నగరంలో తమాషా ఇంకోటి. కాలిబాట మీద పెట్టె పెట్టడం అక్కడ ఎప్పటినుంచో చట్టవిరుద్ధం. అయితే పాత నిబంధన ప్రకారం పారిశుధ్య శాఖవాళ్ళు పెట్టెకు నోటీసు అంటించి, యజమానికి ముప్పై రోజులు గడువివ్వాలి. గడువు ముగిసేలోగా పెట్టె నాలుగు గజాలు అవతలికి జరిగేది. మళ్ళీ కొత్త నోటీసు, మళ్ళీ ముప్పై రోజులు. గులాబీ రంగు పెట్టెలు నగరం నిండా అలా నడుచుకుంటూ తిరిగాయి. 2014లో నగర కౌన్సిల్ గడువు ఎత్తేసింది. ప్రభుత్వ స్థలంలో కనిపిస్తే అక్కడికక్కడే స్వాధీనం.

కాలిబాట ఊరిది కనుక అక్కడ సులువు. చిక్కంతా ప్రైవేటు స్థలంలోనే. అక్కడ పెట్టిన పెట్టెను పట్టుకోవడానికి ఊళ్ళు రెండు దారులు తొక్కాయి. ఒకటి, నువ్వు నిజంగా ధర్మసంస్థవేనా అని అడగడం. రెండోది, పెట్టె ఎక్కడ నిలబడింది, ఎంత శుభ్రంగా ఉంది అని మాత్రమే చూడడం. మొదటి దారి సహజంగా తోచేది. ఏ కౌన్సిలరుకైనా మొదట వచ్చే కోపం, ధర్మం పేరు చెప్పి దండుకుంటున్నారనే. కానీ ఆ దారిలో వెళ్ళినవాళ్ళంతా గోడకు గుద్దుకున్నారు.

ఆ గోడ 1980లోనే లేచింది. షికాగో దగ్గర షామ్‌బర్గ్ అనే పట్టణం, వసూలు చేసిన దాంట్లో 75 శాతమైనా ధర్మానికే ఖర్చుపెట్టే సంస్థలకే చందాల అనుమతి అంది. పర్యావరణం కోసం పనిచేసే ఒక సంస్థకు ఆ లెక్క కుదరలేదు. వాళ్ళ ఖర్చులో ఎక్కువ భాగం పరిశోధకుల, ప్రచారకుల జీతాలే. సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లదంది. శాతాన్ని బట్టి మంచి సంస్థ, చెడ్డ సంస్థ అని తేల్చలేమంది. తరువాత నార్త్ కరోలినా రాష్ట్రం ఇంకోలా ప్రయత్నించింది. చందాల ఏజెంట్లు గత వసూళ్ళలో ధర్మసంస్థలకు చేరిన శాతమెంతో అడిగేముందే చెప్పాలంది. అంధుల జాతీయ సమాఖ్య ఆ రాష్ట్ర శాఖ వేసిన కేసులో 1988లో అదీ పోయింది. అడిగినవాడు అబద్ధం చెప్పాడని రుజువైతే మోసం కేసు పెట్టండి, మేం అడ్డురామని మాత్రం 2003లో ఇల్లినాయి కేసులో కోర్టు స్పష్టం చేసింది. అక్కడ టెలిఫోను ఏజెంట్లు వియత్నాం యుద్ధ సైనికుల పేరు చెప్పి వసూలు చేసి, 85 శాతం తామే ఉంచుకున్నారు.

ఇదంతా మనుషులు అడిగే చందాల సంగతి. పెట్టెకు ఈ రక్షణ తెచ్చింది టెక్సస్. పెట్టె మీద ధర్మసంస్థ పేరు పెట్టి లాభాల కంపెనీ నడుపుతుంటే, ఆ సంస్థకు ఇస్తున్న స్థిరమొత్తం ఎంతో పెట్టె మీదే రాయాలని ఆ రాష్ట్రం చట్టం చేసింది. మళ్ళీ అంధుల సమాఖ్యే, ఈసారి టెక్సస్ శాఖ, కోర్టుకెళ్ళింది. 2011లో అయిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ చట్టాన్ని కొట్టేస్తూ, పెట్టె అనేది బట్టలు పడేసే డబ్బా మాత్రమే కాదు, నోరు మెదపకుండా చందా అడిగే మనిషి లాంటిది అంది. హెల్మ్స్ పాదిరి భుజం మీది సంచికి ఉన్న హక్కులన్నీ ఆ రోజుతో ఇనప డబ్బాకూ సంక్రమించాయి. నాలుగేళ్ళ తరువాత సెయింట్ జాన్స్ ఓడిపోయింది ఈ తర్కం మీదే. ఈ రెండు తీర్పుల మధ్య 2014లో నెబ్రాస్కా రాజధాని లింకన్ నగరం కూడా బోల్తాపడింది. పెట్టెలో పడ్డ సరుకు మీద వచ్చే రాబడిలో 80 శాతం ధర్మానికే పోవాలని వాళ్ళ ఆర్డినెన్స్. షామ్‌బర్గ్ 75 దగ్గరే ఆగిపోయిన సంగతి నగర న్యాయవాదులకు గుర్తులేదేమో, ఫెడరల్ కోర్టు అమలును ఆపేసింది.

ఈ తీర్పుల మీద కోపం రావడం సహజం. కంపెనీవాడు ధర్మసంస్థ బొమ్మ అద్దెకు తెచ్చుకుని డబ్బు చేసుకుంటుంటే రాజ్యాంగం వాణ్ణి కాపాడడమేమిటి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అయితే రెండో వైపు కూడా చూడాలి. ఊరి కౌన్సిల్ చేతికి ధర్మం అసలుదా నకిలీదా తేల్చే అధికారం ఇస్తే, సెయింట్ జాన్స్‌లో జరిగిందే జరుగుతుంది. ఊళ్ళో అందరికీ తెలిసిన లయన్స్ క్లబ్ పెట్టె ఉంటుంది, బయటివాడి పెట్టె పోతుంది. కొత్త సంస్థకు, ఊరికి నచ్చని సంస్థకు చోటుండదు.

రెండో దారి పట్టినవాళ్ళు గెలిచారు. వాళ్ళలో న్యూజెర్సీ ముందుంది. ఆ రాష్ట్రం 2007 నాటి శాసనం చదివితే, ఎవరో బాగా విసిగిపోయిన మున్సిపల్ ఉద్యోగి కూర్చుని రాశాడా అనిపిస్తుంది. బట్టల పెట్టెకు స్థానిక మున్సిపాలిటీ పర్మిట్ తప్పనిసరి. ఫీజు 25 డాలర్లకు మించకూడదు. స్థలం యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. వచ్చిన బట్టలను ఏం చెయ్యబోతున్నారో, అమ్ముతారో పంచుతారో దరఖాస్తులో చెప్పాలి. పర్మిట్ నంబరు, గడువు తేదీ పెట్టె మీద కనబడాలి. ఇంధనం అమ్మే, నిల్వచేసే చోటికి నూరు గజాల లోపు పెట్టె ఉంటే ప్రమాదకరం కింద లెక్క, పర్మిట్ ఇవ్వకూడదు. అంటే పెట్రోలు బంకులో పెట్టె ఉండటానికి వీల్లేదు. ఎడిసన్ దారుల్లో బంకు మూలన పెట్టె కనబడితే దాని మీద నంబరు వెతికి చూడండి.

కాలిఫోర్నియాలో పెట్టె ముందువైపు యజమాని పేరు, చిరునామా, ఫోను నంబరు ఉండాలి. అది లాభాల సంస్థదా, లాభాపేక్ష లేనిదా అన్న ఒక్క వాక్యం కనీసం రెండంగుళాల అక్షరాల్లో రాయాలి. ఎంత శాతం ఎవరికి అన్న ఊసే లేదు.

అన్నిటికన్నా గట్టిగా నిలిచినవి మాత్రం అదే రాష్ట్రంలోని ఓక్లండ్ నగరం నిబంధనలు. పెట్టెల చుట్టూ అక్రమంగా చెత్త పోయడంతో వేగలేక 2015లో ఓక్లండ్ ఒక ఆర్డినెన్స్ తెచ్చింది. లైసెన్సు ఉండాలి, దానికి వందల డాలర్ల ఫీజు. పది లక్షల డాలర్ల బీమా. ఒక పెట్టెకూ ఇంకో పెట్టెకూ మధ్య వెయ్యి అడుగుల దూరం, అంటే మన లెక్కలో మూడొందల మీటర్లు. చుట్టుపక్కల శుభ్రంగా ఉంచాలి. రీసైకిల్ ఫర్ చేంజ్ అనే లాభాపేక్ష లేని సంస్థ, ఇది మా వాక్కు మీద దాడి అంటూ, సెయింట్ జాన్స్ తీర్పు చేతపట్టుకుని కోర్టుకెక్కింది. 2017లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఓక్లండ్ వైపే నిలిచింది.

కిటుకు ఎక్కడుందంటే, ఓక్లండ్ తన నిబంధనలో దానం, ధర్మం అన్న ప్రసక్తితో పెట్టెను నిర్వచించలేదు. పంచడానికో, మళ్ళీ అమ్మడానికో, రీసైక్లింగుకో జనం సొంత వస్తువులు వేసే, కాపలా లేని పెట్టె ఏదైనా సరే అంది. లోపల పడింది అనాథల కోసమా, వ్యాపారం కోసమా అన్నది అడగనే లేదు. ఏం చెబుతున్నావో అడగలేదు గనుక అది వాక్కు మీద నియంత్రణ కాదు, వస్తువు మీద నియంత్రణ అని కోర్టు తేల్చింది. సెయింట్ జాన్స్ పూర్తిగా నిషేధించి ఓడింది, ఓక్లండ్ టేపు పెట్టి కొలిచి గెలిచింది.

ఆ తరువాత చాలా ఊళ్ళ ఆర్డినెన్స్‌లు దాదాపు ఒకే అచ్చులో కనబడతాయి. యజమాని సంతకం, కొన్నిచోట్ల నోటరీ ముందు. ఒక స్థలంలో ఒకటో రెండో పెట్టెలు. దుకాణానికి ఉండాల్సిన పార్కింగ్ గళ్ళను మింగెయ్యకూడదు, మలుపులో డ్రైవరు చూపుకు అడ్డురాకూడదు. ఇన్ని రోజులకోసారి ఖాళీ చెయ్యాలి, ఫిర్యాదొస్తే ఇన్ని గంటల్లో ఎత్తెయ్యాలి. తప్పితే సంస్థకూ స్థలం యజమానికీ ఇద్దరికీ బాధ్యత. చదవడానికి ఇంత చప్పగా ఉండే రాతలు తక్కువ. చప్పగా ఉండటమే వాటి బలం.

ఒక ప్రమాదాన్ని మాత్రం ఈ నిబంధనలేవీ ముందుగా ఊహించలేదు. దొంగతనం జరగకుండా పెట్టె తలుపును, లోపలి కమ్మీలను మరీ బిగుతుగా చేశారు. చేతులు లోపలికి పోతాయి, బయటికి రావు. 2018 డిసెంబరు 30న కెనడాలో వెస్ట్ వాంకూవర్‌లో ఒక మనిషి అలాంటి పెట్టెలో ఇరుక్కుని చనిపోయాడు. పదిరోజులు గడవకముందే టొరంటోలో ఒక మహిళ. గడ్డకట్టే చలిలో ఒక కోటు కోసమో, తలదాచుకోవడానికో ఇల్లులేనివాళ్ళు అందులోకి దూరే ప్రయత్నం చేస్తారు. అంతకు ముందు కొన్నేళ్ళలోనూ కెనడాలో ఇలాంటి చావులు జరిగాయి, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఈసారి వెస్ట్ వాంకూవర్ పెట్టెలను మూయించింది. తయారీ కంపెనీ ఒకటి ఆ రకం పెట్టెలు చెయ్యడం ఆపి, ఉన్నవాటి కమ్మీలు ఊడదియ్యమని సంస్థలకు చెప్పింది. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం ఒకనగన్ క్యాంపస్ ఇంజనీరింగ్ విద్యార్థులు ప్రాణహాని లేని తలుపు నమూనాల మీద పనిచేశారు. ఎవరి కోసమని పెట్టె మీద బొమ్మ వేశారో ఆ మనుషులే అందులో చిక్కుకుని పోయారు. పైన చెప్పిన కోర్టు తీర్పుల్లో ఈ సంగతి రాలేదు. దూరాలు కొలిచినవాళ్ళు తలుపు లోతు కొలవలేదు.

మనకు ఈ రాద్ధాంతమంతా పరాయిదిగా ఉండటానికి కారణం లేకపోలేదు. తెలుగు ఇళ్ళలో పాతచీర బొంత అయ్యేది, పాత పంచె మసిగుడ్డ అయ్యేది. మిగిలినవి గడప దగ్గరకొచ్చే స్టీలు సామాన్లవాడికి వేసి, గంట బేరమాడి ఒక గిన్నె తీసుకునేవాళ్ళు. ఊళ్ళలో నిరుపయోగమైన బట్ట అంటూ ఉండేది కాదు. ఇప్పుడు ఆ మాట అనలేం. 2023 మేలో కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ దేశమంతా ఆర్‌ఆర్‌ఆర్ కేంద్రాలు తెరిపించింది. సినిమా కాదు, రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్. ఇక్కడ మున్సిపాలిటీయే పాతబట్టలు, పుస్తకాలు, బొమ్మలు తీసుకుంటుంది. అనుమతిచ్చేదీ పెట్టె పెట్టేదీ ఒకరే కనుక అమెరికా తరహా తగవు ఇంకా పుట్టలేదు.

అమెరికాలో గాలి ఇప్పుడు కొంత ఎదురు తిరుగుతోంది. అక్కడి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 2018 ఒక్క ఏడాదిలో కోటీ 70 లక్షల టన్నుల బట్టల వ్యర్థం పోగైతే, అందులో కోటీ 13 లక్షల టన్నులు భూమిలో పూడ్చారు. మళ్ళీ వాడుకలోకి మళ్ళింది 15 శాతం లోపే. ఈ గుట్ట చూసి మసాచుసెట్స్ రాష్ట్రం 2022 నవంబరు 1 నుంచి బట్టలను చెత్తలో పడెయ్యడమే నిషేధించింది. తడిసి బూజుపట్టినవి, నూనె మరకలవి తప్ప చిరిగినవైనా సరే విడిగా ఇవ్వాలి. ఎక్కడ ఇవ్వాలి? పెట్టెలోనే. ఇన్నాళ్ళూ పెట్టెను న్యూసెన్సుగా చూసిన చట్టమే ఇప్పుడు దాన్ని వెతుక్కుంటూ పోయే పరిస్థితి. కాలిఫోర్నియా 2024లో ఇంకా ముందుకెళ్ళి, బట్టలు తయారుచేసి అమ్మే కంపెనీలే ఒక సంస్థగా ఏర్పడి, పాతబట్టల సేకరణ కేంద్రాలను తమ ఖర్చుతో నడపాలని చట్టం చేసింది. దాని నియమావళి 2028 జూలైకి ముందు అమల్లోకి రాదు. ఆలోగా ఓక్లండ్‌లో పెట్టె పెట్టాలనుకునేవాళ్ళు లైసెన్సు ఫీజు కట్టి, బీమా కాగితం జతచేసి, పక్క పెట్టె నుంచి వెయ్యి అడుగులు కొలుచుకోవాల్సిందే.